కిటికీ అవతలి మనిషి

నా డిగ్రీ మార్కుల మెమోలో మా నాన్న పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది. వెంకటేశ్వర్లు కాస్తా వెంకటేశ్వలు అయ్యాడు. ఇరవై ఏళ్ల కిందటి మాట. అది సరిచేయించుకోడానికి మా యూనివర్సిటీ ఎగ్జామినేషన్ బ్రాంచికి వెళ్లాను. వరసగా కిటికీలు. ఒక కిటికీలో దరఖాస్తు ఫారం ఇస్తారు. బ్యాంకుకు వెళ్లి చలానా కట్టి వస్తే ఇంకో కిటికీలో దాన్ని తీసుకుంటారు. మూడో కిటికీలో "సార్ లంచ్‌కి వెళ్లారు" అంటారు. మధ్యాహ్నం మూడు దాటాక ఒక పెద్దాయన నా పదో తరగతి సర్టిఫికెట్ అడిగి తీసుకున్నాడు. బీరువాలోంచి బారెడు రిజిస్టరు ఒకటి దింపి, నా నంబరు వెతికి, ఎర్ర సిరాతో పాత పేరు మీద ఒక్క గీత కొట్టి, పైన సరైన పేరు రాశాడు. పక్కనే పొట్టి సంతకం, తేదీ. "రేపు వచ్చి కొత్త మెమో తీసుకెళ్లు బాబూ" అన్నాడు. రోజంతా తిట్టుకున్నాను గానీ, పని అయింది.

ఈమధ్య మా అన్నయ్య కూతురికీ దాదాపు ఇదే కష్టం వచ్చింది. తనది వేరే యూనివర్సిటీ. అక్కడ కిటికీల్లేవు, పోర్టల్ ఉంది. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పోర్టల్‌లో వెనక. రెండూ సరిపోలలేదని పోర్టల్ ముందుకు కదలనివ్వదు.

"టికెట్ రైజ్ చేశావా అమ్మా?"

"చేశాను బాబాయ్. పరిష్కరించాం అని మెసేజ్ వచ్చింది. చూస్తే ఏమీ మారలేదు. ఎవరికి చెప్పాలి?"

ఎవరికి చెప్పాలి? ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. నేను ఎండలో నిలబడ్డాను, తను నిలబడలేదు, నిజమే. కానీ నాకు ఆ ఎర్ర సిరా పెద్దాయన దొరికాడు. తనకు దొరకలేదు.

విద్యార్థులకు కావలసిన పనులన్నీ ఒకేచోట, ఆన్‌లైన్‌లో జరిగేలా చేయాలని ఈరోజు ప్రతి విశ్వవిద్యాలయమూ ప్రణాళిక వేస్తోంది. అడ్మిషన్, ఫీజు, పరీక్ష, ఫలితం, సర్టిఫికెట్, అన్నీ ఒక్క లాగిన్‌లో. ఈ కల ఇంటర్నెట్ కన్నా చాలా పాతది. దాని చరిత్ర వెతుక్కుంటూ వెళ్తే, ప్రతి తరంలోనూ ఏదో ఒక యంత్రం వచ్చి "ఇక కిటికీలన్నీ ఒకటే" అని మాటిచ్చింది. ప్రతిసారీ ఆ మాట సగమే నిలబడింది. నిలబడని ఆ సగం గురించే ఈ వ్యాసం.

*

అసలు అన్ని కిటికీలు ఎందుకొచ్చాయి?

1854 నాటి వుడ్ డిస్పాచ్ తర్వాత, 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో మూడు విశ్వవిద్యాలయాలు పెట్టారు. మూడింటికీ నమూనా లండన్ విశ్వవిద్యాలయం. అప్పట్లో లండన్ విశ్వవిద్యాలయమంటే పాఠాలు చెప్పే చోటు కాదు, పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే చోటు. చదువు ఎక్కడో కాలేజీలో జరుగుతుంది. విశ్వవిద్యాలయం వాళ్ల పేర్లు నమోదు చేసుకుంటుంది, ఫీజు తీసుకుంటుంది, ప్రశ్నపత్రం పంపుతుంది, ఫలితం ప్రకటిస్తుంది. రాజమండ్రిలోనో మచిలీపట్నంలోనో చదివిన కుర్రాడు మద్రాసు విశ్వవిద్యాలయం విద్యార్థే. అయితే ఆ విశ్వవిద్యాలయం అతని మొహం చూసే అవసరం లేదు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చేదాకా కోస్తా తెలుగువాళ్ల పట్టాలన్నీ అలా మద్రాసు నుంచి రావలసినవే.

ఈ ఏర్పాటులో ఒక విచిత్రం ఉంది. విద్యార్థిని ఎరిగిన సంస్థకు పట్టా ఇచ్చే అధికారం లేదు. పట్టా ఇచ్చే సంస్థ విద్యార్థిని ఎరగదు. ఆ రెండింటి మధ్య నమ్మకం కాగితం మీదే కుదరాలి. మన సర్టిఫికెట్ల అడవి అక్కడే మొలిచింది. ఇతను మా దగ్గరే చదివాడు అని కాలేజీ చెప్పడానికి స్టడీ సర్టిఫికెట్. మా దగ్గర్నుంచి వెళ్లిపోయాడు అనడానికి టీసీ. ఇంకో విశ్వవిద్యాలయంలో చేరినా మాకు అభ్యంతరం లేదు అనడానికి మైగ్రేషన్. పరీక్ష హాల్లో కూర్చున్నవాడు ఇతనే అనడానికి హాల్ టికెట్. మాకు బాకీ ఏమీ లేడు అనడానికి నో డ్యూస్. ఒక్కొక్క కాగితమూ ఒక్కొక్క అనుమానానికి జవాబు.

తర్వాతి కాలం కొత్త అనుమానాలు కలిపింది. 1974 రాష్ట్రపతి ఉత్తర్వులతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కాలేజీ సీట్లకు స్థానికులు, స్థానికేతరులు అనే లెక్క వచ్చింది. 85 శాతం సీట్లు స్థానికులకు. దాంతో వరసగా ఎన్నేళ్లు, ఏ ఊళ్లో చదివారో చూపించే కాగితాలు కావాలి. రిజర్వేషన్‌కు కుల ధ్రువీకరణ, స్కాలర్‌షిప్‌కు ఆదాయ ధ్రువీకరణ. అవి ఇచ్చేది విశ్వవిద్యాలయం కాదు, తహసీల్దారు ఆఫీసు.

అంటే కిటికీలు గుమాస్తాల బద్ధకం వల్ల మాత్రమే పుట్టలేదు. ఒక్కో కిటికీ వెనక ఒక్కో అధికారం ఉంది. గోడలు పగలగొట్టి కిటికీలన్నీ ఒకటి చేస్తామనే ప్రతి ప్రణాళికా ముందుగా ఆ అధికారాలను ఏంచేస్తుందో చెప్పాలి. చాలా ప్రణాళికలు ఆ ఊసే ఎత్తవు.

*

ఇప్పుడు కొంచెంసేపు అమెరికా వెళ్దాం. విద్యార్థుల రికార్డులను యంత్రం చేతికి అప్పగించడం పెద్ద ఎత్తున ముందుగా జరిగింది అక్కడ.

1930లలో మిషిగన్ రాష్ట్రంలో రేనాల్డ్ జాన్సన్ అని ఒక హైస్కూలు టీచరు ఉండేవాడు. చిన్నప్పుడు అక్కల కోసం వచ్చే కుర్రాళ్ల కార్ల స్పార్క్ ప్లగ్గుల మీద పెన్సిలుతో గీతలు గీసేవాడట. పెన్సిల్ ముక్కులోని గ్రాఫైట్ గుండా కరెంటు పోతుంది. స్పార్క్ రాదు, కారు కదలదు. టీచరయ్యాక, గుట్టలుగా జవాబు పత్రాలు దిద్దుతూ, ఆ అల్లరి గుర్తొచ్చింది. పెన్సిల్ గుర్తు గుండా కరెంటు పోతుంది కాబట్టి, సరైన జవాబు దగ్గర గుర్తుందో లేదో యంత్రమే లెక్కపెట్టగలదు. ఆ ఆలోచనను ఐబీఎం కొనుక్కుని, అతనికి ఉద్యోగమూ ఇచ్చింది. 1930ల చివర్లో ఐబీఎం 805 అనే మార్కులు లెక్కపెట్టే యంత్రం మార్కెట్లోకి వచ్చింది. మనం ఎంసెట్‌లో నల్లగా దిద్దిన బబుళ్లకు అది తాతలాంటిది. ఇదే జాన్సన్ తర్వాత ఐబీఎంలో ఒక జట్టును నడిపించి, 1956లో మొట్టమొదటి హార్డ్‌డిస్క్ ఉన్న ర్యామాక్ కంప్యూటర్ తెచ్చాడు. మన మార్కులను చదివే పద్ధతీ, వాటిని దాచే పద్ధతీ ఒక్క బడిపంతులు చేతిమీదుగా వచ్చాయన్న మాట.

డిస్కులు అందరికీ అందుబాటులోకి రావడానికి ముందు పంచ్ కార్డుల కాలం ఒకటి నడిచింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికన్ విశ్వవిద్యాలయాలు ఉబ్బిపోయాయి. సెమిస్టరు మొదట్లో రిజిస్ట్రేషన్ అంటే ఒక పెద్ద హాలు, వరసగా బల్లలు. ఒక్కో బల్ల దగ్గర ఒక్కో కోర్సు కార్డు తీసుకోవాలి. కార్డుల దొంతర పట్టుకుని చివరి బల్ల దగ్గర ఇస్తే యంత్రం వాటిని చదువుకుంటుంది. జాగ్రత్తగా చూస్తే ఇక్కడ రెండు ఆఫీసుల మధ్య సమాచారం మోసుకెళ్లే తీగ విద్యార్థే. నేను మా యూనివర్సిటీలో చలానా పట్టుకుని కిటికీ నుంచి కిటికీకి తిరిగినట్టే.

ఆ కార్డుల మీద ఒక హెచ్చరిక ఉండేది: మడవకండి, గుచ్చకండి, చింపకండి. ఎందుకంటే మడతపడిన కార్డు యంత్రం మింగదు.

1964లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీ క్యాంపస్‌లో విద్యార్థులు రాజకీయ ప్రచారానికి బల్లలు పెట్టుకోకూడదని యాజమాన్యం ఆంక్ష విధించింది. అక్టోబర్ 1న జాక్ వైన్‌బర్గ్ అనే అతన్ని పోలీసులు అరెస్టు చేసి కారెక్కిస్తే, విద్యార్థులు ఆ కారు చుట్టూ కూర్చున్నారు. 32 గంటలు కారు కదలలేదు. డిసెంబర్ 2న పరిపాలనా భవనమైన స్ప్రౌల్ హాల్ మెట్ల మీద మారియో సావియో మాట్లాడాడు. ఈ యంత్రం నడవడం భరించలేనిదైనప్పుడు, దాని చక్రాల మీద, మీటల మీద మన శరీరాలను పెట్టి ఆపాలి అన్నది ఆ ప్రసంగం సారాంశం. తర్వాత విద్యార్థులు హాల్లోకి నడిచారు. సుమారు 800 మంది అరెస్టయ్యారు.

అది వాక్ స్వాతంత్ర్యం కోసం జరిగిన ఉద్యమం, కంప్యూటర్ల మీద యుద్ధం కాదు. కానీ ఆ ఉద్యమానికి దొరికిన గుర్తు మాత్రం పంచ్ కార్డు. "నేను విద్యార్థిని, నన్ను మడవకండి, గుచ్చకండి, చింపకండి" అని రాసుకుని మెడలో వేసుకున్నారు. కార్డుల మీద అక్షరాల ఆకారంలో రంధ్రాలు పొడిచారు. కార్డుకున్నపాటి మర్యాద మాకు లేదా అని వాళ్ల ప్రశ్న. సౌకర్యంగా లేదని కాదు వాళ్ల ఫిర్యాదు. ఈ ఏర్పాటుతో మాట్లాడటానికి మాకు చోటు లేదని.

ఆ ఊరికి మళ్లీ వస్తాం.

*

కార్డుల తర్వాత టెలిఫోన్. 1984లో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం ఇంట్లో ఫోన్ బటన్లు నొక్కి కోర్సుల్లో చేరే పద్ధతి మొదలుపెట్టింది. హాలూ బల్లలూ పోయాయి. విద్యార్థి మొదటిసారి ఇల్లు కదలకుండా రిజిస్టర్ అయ్యాడు.

దాదాపు అదే సమయానికి, 1983లో, ఎంఐటీలో అథీనా ప్రాజెక్టు మొదలైంది. క్యాంపస్‌లో ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా నీ ఫైళ్లు నీకు కనిపించాలి, అదీ లక్ష్యం. అప్పుడొక సమస్య వచ్చింది: ఈ కూర్చున్నది నువ్వేనని ప్రతి యంత్రానికీ ఎలా తెలియాలి? ప్రతిచోటా పాస్‌వర్డ్ పంపిస్తే దారిలో ఎవరైనా కాజేస్తారు. వాళ్లు కనిపెట్టిన పరిష్కారం పేరు కెర్బెరోస్, గ్రీకు పురాణాల్లో పాతాళానికి కాపలా కాసే మూడు తలల కుక్క పేరు. అది నడిచే తీరు మనకు బాగా తెలిసిందే. ఒకే ఒక చోట నువ్వెవరో నిరూపించుకుంటావు. వాళ్లు నీకొక టికెట్ ఇస్తారు. దానికి గడువు ఉంటుంది. మిగతా తలుపుల దగ్గర ఆ టికెట్ చూపిస్తే చాలు. అచ్చం హాల్ టికెట్టే! ఈరోజు ఒకసారి లాగిన్ అయ్యి పది పేజీల్లో తిరగగలుగుతున్నామంటే, దానికి పునాది వేసినవాటిలో ఇదొకటి.

గమనించండి, "ఇతను ఇతనేనా" అనే అనుమానాన్ని ఇది చక్కగా తీర్చింది. కానీ కిటికీల వెనక ఉన్న మిగతా అనుమానాలు అలాగే ఉన్నాయి. ఇతను అర్హుడా? ఫీజు కట్టాడా? ఈ మార్కు సరైనదేనా? తప్పయితే దిద్దేది ఎవరు?

1990లలో ఈ ప్రశ్నలన్నిటికీ కలిపి పెద్ద సాఫ్ట్‌వేర్లు అమ్మకానికి వచ్చాయి. జీతాల నుంచి మార్కుల దాకా అన్నీ ఒకే పెట్టెలో. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ తన 23 క్యాంపస్‌లకూ కలిపి అలాంటి ఉమ్మడి వ్యవస్థ పెట్టడానికి పూనుకుంది. (ఇది బర్క్‌లీ ఉన్న సంస్థ కాదు, అదే రాష్ట్రంలోని ఇంకో విశ్వవిద్యాలయం.) 2003లో రాష్ట్ర ఆడిటర్ దాని మీద నివేదిక ఇచ్చారు. తొమ్మిదేళ్ల ఖర్చు 66 కోట్ల డాలర్ల దాకా అవుతుందని లెక్క తేలింది. అంతకన్నా ఇబ్బందికరమైన మాట ఒకటి అందులో ఉంది: ఇంత పనీ మొదలుపెట్టే ముందు, ఇది ఎందుకు అవసరం, పెట్టిన ఖర్చుకు తగ్గ లాభం ఉందా అని సరైన అధ్యయనమే చేయలేదని.

డబ్బు సంగతి అలా ఉంచండి. ఒక్కో క్యాంపస్‌కు ఒక్కో అలవాటు, ఒక్కో నిబంధన, ఒక్కో మినహాయింపు ఉంటుంది. అవన్నీ గుమాస్తాల తలల్లో ఉంటాయి. సాఫ్ట్‌వేర్ రాసేవాడికి అవి అప్పజెప్పాలంటే ముందు ఎవరో కూర్చుని రాయాలి. రాయడం మొదలుపెడితే, ఒకే మాటకు రెండు ఆఫీసులు రెండు అర్థాలు చెప్పుకుంటున్నాయని బయటపడుతుంది. "చేరిన విద్యార్థి" అంటే ఎవరు? సీటు వచ్చినవాడా, ఫీజు కట్టినవాడా, క్లాసుకు వచ్చినవాడా? అడ్మిషన్ సెక్షన్‌కు ఒక లెక్క, అకౌంట్స్‌కు ఒక లెక్క, హాస్టల్ వార్డెన్‌కు ఇంకో లెక్క. ఆన్‌లైన్ సేవల ప్రణాళికలో అసలు కష్టం ఇది. స్క్రీన్లు తర్వాతి సంగతి.

*

ఇక హైదరాబాదు. ఒకే కిటికీ అనే మాట మన దగ్గర యూనివర్సిటీల కన్నా ముందు కరెంటు బిల్లుల దగ్గర వినిపించింది. 1999 చివర్లో ట్విన్స్ అనే పేరుతో జంటనగరాల్లో ఒక ప్రయోగం జరిగింది. 2001లో అది ఈసేవ అయింది. కరెంటు బిల్లు, నీటి బిల్లు, జనన ధ్రువీకరణ అన్నీ ఒకే కౌంటర్లో. 2011లో మీసేవ వచ్చింది. కుల, ఆదాయ ధ్రువీకరణలు డిజిటల్ సంతకంతో అక్కడే రావడం మొదలైంది. తహసీల్దారు ఆఫీసు కిటికీ ఆ విధంగా ఊరి సెంటర్‌కు వచ్చింది.

తర్వాత వంతు కాలేజీలది. 2016లో తెలంగాణ ఉన్నత విద్యామండలి దోస్త్ మొదలుపెట్టింది. డిగ్రీ ఆన్‌లైన్ సర్వీసెస్, తెలంగాణ. అంతకుముందు డిగ్రీలో చేరాలంటే ఏ కాలేజీకి ఆ కాలేజీలో దరఖాస్తు, ఫీజు, లైను. ఒక కాలేజీలో ఒరిజినల్స్ ఇచ్చేస్తే ఇంకో చోట సీటొచ్చినా వెనక్కి తెచ్చుకోవడం ప్రహసనం. దోస్త్‌తో 200 రూపాయల రిజిస్ట్రేషన్ కట్టి, ఉస్మానియా, కాకతీయ, పాలమూరు, శాతవాహన వంటి విశ్వవిద్యాలయాల కింద ఉన్న కాలేజీలన్నిటికీ ఒకేసారి ఆప్షన్లు పెట్టుకోవచ్చు. ఇంటర్ మార్కులు బోర్డు నుంచే నేరుగా వస్తాయి. అచ్చంపేటలో ఉన్న అమ్మాయి హైదరాబాదు బస్సెక్కకుండానే కోఠి మహిళా కళాశాలకు ఆప్షన్ పెట్టుకోగలిగింది. దీన్ని చిన్నచూపు చూడటం అన్యాయం. బస్సు ఛార్జీ, ఒక రోజు కూలీ, తోడు రావలసిన మగమనిషి, ఇవన్నీ మిగిలాయి. కొన్ని ప్రైవేటు కాలేజీలు కోర్టుకెళ్లి మరీ దోస్త్ బయట ఉండటానికి వెసులుబాటు తెచ్చుకున్నాయంటే, అది ఎవరి అధికారాన్ని కదిలించిందో అర్థమవుతుంది.

కానీ ఇప్పుడు లెక్కపెట్టండి. ఇంటర్ ఫలితాలకు ఒక సైటు. డిగ్రీ సీటుకు దోస్త్. పరీక్ష ఫీజుకూ హాల్ టికెట్‌కూ యూనివర్సిటీ సైటు. స్కాలర్‌షిప్‌కు ఈపాస్. ఆదాయ ధ్రువీకరణకు మీసేవ. సర్టిఫికెట్ దాచుకోడానికి డిజిలాకర్. మనకు "ఒకే కిటికీ"లు ఆరున్నాయి! ఆరింటికీ ఆరు లాగిన్లు, ఆరుచోట్లా పేరు ఒకేలా ఉండాలి, ఒకే ఫోన్ నంబరు ఆధార్‌కు కలిసి ఉండాలి. ఈ ఆరింటి మధ్య సమాచారం మోసే తీగ మళ్లీ విద్యార్థే. కాకపోతే ఇప్పుడు స్క్రీన్‌షాట్ల రూపంలో మోస్తుంది.

ఇక్కడే మన చరిత్ర ఒక కొత్త పాత్రను పుట్టించింది: నెట్ సెంటర్ అన్నయ్య. ఏ మండల కేంద్రంలోనైనా బస్టాండు దగ్గర ఉంటాడు. ఒక జెరాక్స్ మిషను, రెండు కంప్యూటర్లు, గోడకు పాస్‌పోర్ట్ ఫోటోల రేట్లు. అతని దగ్గర ఒక పొడుగు నోట్‌బుక్ ఉంటుంది. అందులో ఊళ్లో పిల్లల లాగిన్లు, పాస్‌వర్డులు. కొందరి దరఖాస్తుల్లో ఈమెయిల్ కూడా అతనిదే. భద్రత పాఠాలు చదివినవాళ్లకు ఇది చూస్తే గుండె ఆగిపోతుంది. కానీ ఆ పిల్లలకు అతనొక్కడే ఆరు కిటికీలనూ నిజంగా ఏకం చేసిన మనిషి. ఏ నిపుణుల కమిటీ వేయని ప్రణాళిక అతని నోట్‌బుక్. యాభై రూపాయలు తీసుకుంటాడు, తప్పు పడితే "రేపు రా అమ్మా, చూద్దాం" అంటాడు. ఆ మాట ఏ పోర్టలూ అనదు.

*

2019 ఏప్రిల్ 18 గురించి చెప్పకుండా ఈ కథ ముగించలేను. అది విశ్వవిద్యాలయం కథ కాదు, ఇంటర్ బోర్డు కథ. కానీ విద్యార్థి రికార్డును ఒక కొత్త వ్యవస్థకు అప్పగించేటప్పుడు ఏం పణంగా ఉంటుందో మనకు అక్కడే తెలిసొచ్చింది.

ఆరోజు తెలంగాణ ఇంటర్ ఫలితాలొచ్చాయి. రాసినవాళ్లు 9 లక్షలకు పైనే. కొత్త సాఫ్ట్‌వేర్‌తో ఫలితాలు తయారుచేసిన మొదటి ఏడాది. పరీక్ష రాసినవాళ్లకు ఆబ్సెంట్ అని వచ్చింది. మొదటి సంవత్సరంలో టాపర్లుగా ఉన్నవాళ్లు ఫెయిలయ్యారు. ఒక అమ్మాయికి తెలుగులో సున్నా. తీరా చూస్తే ఆమెకు వచ్చింది 99. తల్లిదండ్రులు నాంపల్లిలోని బోర్డు ఆఫీసు ముందుకు వచ్చారు. రోజుల తరబడి గేటు దగ్గర నిలబడ్డారు. ఆ వారాల్లో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఒక్కొక్క మరణానికీ కారణం ఇదేనని తేల్చి చెప్పే హక్కు నాకు లేదు. కానీ ఆ పిల్లలకు తమ రికార్డుతో వాదించే చోటు కనిపించలేదన్నది నిజం.

ప్రభుత్వం ముగ్గురు సభ్యుల కమిటీ వేసింది. సాఫ్ట్‌వేర్‌లో లోపాలు ఉన్నాయని కమిటీ తేల్చింది. ఫెయిలైనవాళ్లందరి జవాబు పత్రాలనూ ఉచితంగా మళ్లీ పరిశీలించారు. వెయ్యి మందికి పైగా పాసయ్యారు.

ఆ 99 సంగతి మాత్రం వేరే. అక్కడ తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. పేపరు దిద్దినవారు ఓఎమ్మార్ షీటు మీద రెండు తొమ్మిదులు దిద్దవలసిన చోట రెండు సున్నాలు దిద్దారు. సరిచూడవలసినవారు చూడలేదు. జాన్సన్ గారి పెన్సిల్ గుర్తు! యంత్రం ఉన్నది ఉన్నట్టు చదివింది. మొదటి ఏడాదంతా మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లకు సున్నా ఏమిటి అని ఆగి చూసే కన్ను ఆ గొలుసులో ఎక్కడా లేదు. మనిషి చేసిన తప్పును యంత్రం పట్టుకోలేదు, యంత్రం చేసిన తప్పును మనిషి పట్టుకోలేదు. రెండింటికీ మధ్యలో ఉండవలసిన గుమాస్తాను మనం ఆలస్యం అని పేరుపెట్టి తీసేశాం.

*

ఇప్పుడు మళ్లీ బర్క్‌లీ. 1964లో విద్యార్థులు బైఠాయించిన స్ప్రౌల్ హాల్ ఇంకా ఉంది. ఆ భవనంలో ఇప్పుడు కాల్ స్టూడెంట్ సెంట్రల్ అనే ఆఫీసు నడుస్తోంది. ఫీజులు, స్కాలర్‌షిప్పులు, రిజిస్ట్రేషన్, ఏ సందేహమైనా అక్కడికే. ఆన్‌లైన్ పోర్టల్ ఉంది, అది కాక ఈ కౌంటరూ ఉంది, వెనక మనుషులూ ఉన్నారు. అరవై ఏళ్లు యంత్రాల మీద యంత్రాలు మార్చాక కూడా ఆ కౌంటరు అవసరం తీరలేదు.

మన దేశంలో ప్రణాళికలు ఇంకా పెద్దవవుతున్నాయి. 2015లో డిజిలాకర్, 2017లో జాతీయ అకడమిక్ డిపాజిటరీ, 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్, 2023లో ప్రతి విద్యార్థికీ అపార్ నంబరు. ఒక విశ్వవిద్యాలయంలో సంపాదించిన క్రెడిట్లు ఇంకో దాంట్లో వాడుకోవచ్చు. 1857లో పుట్టిన అనుమానం, "వీడు మీ దగ్గర చదివాడని మేమెలా నమ్మాలి", చివరికి తీరబోతోంది. మైగ్రేషన్ సర్టిఫికెట్ కోసం రాత్రి బస్సెక్కినవాళ్లకు ఇది చిన్న వరం కాదు. నేను పాత కిటికీలను తలుచుకుని కన్నీళ్లు పెట్టుకునే మనిషిని కాను. లంచం అడిగిన కిటికీలు, ఆడపిల్లలను చులకనగా చూసిన కిటికీలు, కులం పేరు చూడగానే గొంతు మార్చిన కిటికీలు మనకు తెలుసు. అవి పోవలసిందే.

అయితే రికార్డు ఎన్ని చోట్లకు ప్రవహిస్తే, అందులోని తప్పు కూడా అన్ని చోట్లకు ప్రవహిస్తుంది. పాతరోజుల్లో మా నాన్న పేరులో తప్పు ఒక్క మెమోలో ఉండేది. మా అన్నయ్య కూతురి పేరులో తేడా ఒకేసారి ఫీజు, పరీక్ష, స్కాలర్‌షిప్ మూడింటినీ ఆపేసింది. కాబట్టి ఇలాంటి వ్యవస్థకు ప్రణాళిక వేసే గదిలో మొదట అడగవలసింది "ఎన్ని సేవలు కలుపుదాం" అని కాదు, "తప్పు పడితే దిద్దే అధికారం ఎవరిది, ఎన్ని రోజుల్లో, ఆ మనిషి పేరేమిటి" అని. కొత్త వ్యవస్థ పాతదానితో పాటు ఒక ఏడాదైనా పక్కపక్కన నడవాలి, రెండింటి ఫలితాలూ పోల్చి చూడాలి. సున్నా వచ్చిన ప్రతి మార్కునూ ప్రకటించే ముందు ఒక మనిషి కన్ను చూడాలి. ఫిర్యాదు పరిష్కారమైందని చెప్పవలసింది ఫిర్యాదు చేసినవాళ్లే, తీసుకున్నవాళ్లు కాదు. ఇవేవీ గొప్ప సాంకేతిక విషయాలు కావు, డబ్బు కూడా పెద్దగా ఖర్చు కాదు. కాకపోతే వీటికి ప్రారంభోత్సవాలు ఉండవు, అందుకే ఎప్పుడూ చివరి పేజీలో ఉండిపోతాయి.

ఆ పెద్దాయన పాత పేరును కొట్టేసిన తీరు ఇప్పుడు గుర్తొస్తోంది. వైట్‌నర్ పూయలేదు, కాగితం గీకలేదు. ఒకే ఒక్క గీత, కింద ఏముందో కనిపించేలా. పైన సరైనది, పక్కన తన సంతకం, ఆనాటి తేదీ. ఏం మారింది, ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు, అన్నీ ఒక్క అంగుళంలో ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ వాళ్లు దీన్నే ఆడిట్ ట్రయిల్ అంటారు. ఆయనకు ఆ మాట తెలిసి ఉండదు. రిజిస్టరు అంటే అలాగే దిద్దాలని ఆయన ముందువాళ్లు నేర్పారు, అంతే.

మా అన్నయ్య కూతురి పని చివరికి అయింది. ఎలాగంటారా? నెట్ సెంటర్ అన్నయ్యకు యూనివర్సిటీలో పనిచేసే ఒకాయన తెలుసు. ఆయన పేరు, ఫోన్ నంబరు ఆ పొడుగు నోట్‌బుక్‌లో ఉన్నాయి. నంబరు రాసిచ్చి, "లంచ్ టైములో చేయకమ్మా" అని కూడా చెప్పాడట.